జంటగా వెళ్లి విడివిడిగా స్వారీ: టూసాన్ గెస్ట్ ర్యాంచ్ వారం, బెజవాడ లెక్కల్లో

అమెరికాలో గుర్రాల మీద వారం రోజుల సెలవుని "కపుల్స్ వెకేషన్" పేరుతో అమ్ముతారు. వెబ్‌సైట్ ఫొటోలో రెండు గుర్రాలు పక్కపక్కన ఉంటాయి, వెనక ఎర్రటి ఆకాశం, ఇద్దరి చేతుల్లోనూ పగ్గాలు. ఫొటోలో అబద్ధమేం లేదు, కాకపోతే అది గుర్రాలు ఆగి ఉన్నప్పుడు తీసింది. నడిచేటప్పుడు దారి సన్నగా ఉంటుంది, గుర్రాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి, మధ్యలో ఒక గుర్రం పొడవు ఖాళీ వదలాలి. ముందున్న మనిషి వీపు తప్ప మొహం కనిపించదు. ఇక ఇద్దరికీ స్వారీ వచ్చినంతలో తేడా ఉంటే ఒకే గుంపులో కూడా వేయరు. డబ్బు కట్టే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. తెలిసి, దానికి తగ్గట్టు సిద్ధపడి వెళ్లేవాళ్లకి ఈ సెలవు పెట్టిన ప్రతి డాలరుకీ తగినదే. తెలియక వెళ్తే మూడో రోజుకల్లా ఒకరు గదిలో, ఒకరు గుర్రం మీద.

గెస్ట్ ర్యాంచ్ అంటే పశువుల పొలంలోనే గది, మూడు పూటలా భోజనం, రోజుకి రెండు స్వారీలు, అన్నీ కలిపి ఒకే ధర. ఈ వ్యాపారం కొత్తదేం కాదు. ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో రింకాన్ కొండల కింద ఉన్న టాంకే వర్దే ర్యాంచ్ పశువుల పొలంగా 1868 నాటిది. వయోమింగ్‌లోని ఈటన్స్ ర్యాంచ్ అక్కడ 1904 నుంచి నడుస్తోంది. వీళ్లందరి సంఘం 1926లో పుట్టింది. అంత పాత అలవాటు కాబట్టి గుర్రాల విషయంలో వీళ్ల పద్ధతి గట్టిగా ఉంటుంది. కొత్తవాళ్లని ఏ గుర్రం మీద కూర్చోబెట్టాలో వాళ్లకి చాలా బాగా తెలుసు. ఈ ఒక్కదానికీ 5కి 5 ఇవ్వచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్న చోటే మనవాళ్లు ఎక్కువగా పొరపడతారు. బెజవాడ, గుంటూరు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా ఉంటారు. సరిగ్గా అదే ఆరిజోనాకి ఎండాకాలం. జూన్‌లో పగలు 38 డిగ్రీలు దాటడం మామూలే. కొన్ని ర్యాంచ్‌లు ఆ నెలల్లో మూసేస్తాయి, తెరిచి ఉన్నవి తెల్లవారగానే ఒక స్వారీ చేయించి ముగిస్తాయి. వేసవిలో వెళ్లేవాళ్లు వయోమింగ్, మోంటానా, కొలరాడో చూసుకోవాలి. డిసెంబరు, జనవరిలో సెలవు దొరికే కుర్ర జంటలకి టూసాన్ సరైనది. పగలు హాయిగా ఉంటుంది. పొద్దున్న మాత్రం 5 డిగ్రీలకి అటూఇటూ ఉంటుంది, చేతి తొడుగులు లేకపోతే పగ్గాలు పట్టుకోలేరు. కొలరాడో వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ చాలా ర్యాంచ్‌లు 7,000 అడుగులకి పైన ఉంటాయి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకి మొదటి రెండు రోజులు తలనొప్పి, ఆయాసం రావచ్చు. ఆ రెండు రోజులూ నీళ్లు ఎక్కువ, మద్యం సున్నా.

ఎండలంటే మాకు భయమా అనే బెజవాడ ధీమా టూసాన్‌లో పనికిరాదు. మన దగ్గర చెమట ఒంటి మీదే కారుతుంది కాబట్టి ఎంత పోయిందో తెలుస్తుంది. ఎడారి గాలిలో అది పట్టిన వెంటనే ఆరిపోతుంది, చొక్కా తడవదు, దాహం ఆలస్యంగా వేస్తుంది. రెండు గంటల స్వారీకి మనిషికి ఒక లీటరు పెట్టుకుని, దాహం వేయకపోయినా ఆగిన ప్రతిచోటా తాగాలి. సీసా చేతిలో కాదు, జీనుకి కట్టిన సంచిలో ఉండాలి.

ఖర్చు చూద్దాం. టూసాన్ వైపు సీజన్‌లో ఒక్కొక్కరికి రాత్రికి 250 నుంచి 450 డాలర్ల మధ్య ధరలు కనిపిస్తాయి. మధ్యలో 350 అనుకుంటే ఇద్దరికి ఆరు రాత్రులకి 4,200. దీనికి పన్ను అదనం. టిప్పు 15 నుంచి 20 శాతం అక్కడ ఆనవాయితీ. 15 శాతమే వేసుకున్నా 630 డాలర్లు. చాలా చోట్ల చివరి రోజు మొత్తంగా ఇస్తే వంటవాళ్లు, గది సర్దేవాళ్లు, గుర్రాలు చూసే ర్యాంగ్లర్లు అందరూ పంచుకుంటారు. విడిగా ఇవ్వాలా, కలిపి ఇవ్వాలా అన్నది వెళ్లిన రోజే అడిగేయండి. ఇద్దరిలో ఒకరు స్వారీ చేయరనుకుంటే స్వారీ లేని ధర ఉందా అని కూడా అడగండి. చాలా చోట్ల గుర్రం ఎక్కినా ఎక్కకపోయినా బిల్లు ఒకటే. ఇంకో సంగతి, వారంలో ఒక రోజు గుర్రాలకి సెలవు ఇచ్చే ర్యాంచ్‌లు ఉన్నాయి, ఎక్కువగా ఆదివారం. వచ్చే రోజు, వెళ్లే రోజు, ఆ సెలవు తీసేస్తే ఆరు రాత్రుల్లో నిజంగా స్వారీ దొరికేది నాలుగు రోజులు. మూడు రాత్రుల ప్యాకేజీ దండగ అనడానికి కారణం ఇదే. ఒళ్లు గుర్రానికి అలవాటు పడేలోపు పెట్టె సర్దుకోవాలి.

గన్నవరం నుంచి ఢిల్లీ లేదా హైదరాబాద్ మీదుగా వెళ్తే టూసాన్ చేరేసరికి ఒక రోజు దాటిపోతుంది. ఫీనిక్స్‌లో దిగి కారులో వస్తే రెండు గంటల దారి. ఆరిజోనా గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, అంటే పగలు రాత్రి పూర్తిగా తిరగబడుతుంది. దిగిన మర్నాడే గుర్రం ఎక్కడం తెలివైన పని కాదు. నిద్రమత్తులో బ్యాలెన్స్ పోతుంది, గుర్రం ఆ సంగతి మనకంటే ముందు పసిగడుతుంది. పిల్లల దగ్గరో, చుట్టాల దగ్గరో రెండు రోజులు ఉండి రండి.

ఇప్పుడు అసలు విషయం, గుంపులు. ర్యాంచ్‌లో స్వారీలు మూడు రకాలు. నడక మాత్రమే, నడకతో పాటు ట్రాట్, ఆ పైన లోప్. గుర్రం నడక గంటకి 6 కిలోమీటర్లు. ట్రాట్ అంటే కుదుపుతో సాగే చిన్న పరుగు, 13 దాకా. లోప్ అంటే నిదానంగా సాగే దౌడు, 16 నుంచి మొదలవుతుంది. లోప్ గుంపులో చేరాలంటే కంచె లోపల ర్యాంగ్లర్ ముందు పరీక్ష ఉంటుంది. నడక నుంచి లోప్‌కి తీసుకెళ్లాలి, ఒక చుట్టు నిలబెట్టాలి, అడిగిన చోట ఆపాలి. జీను ముందున్న కొమ్ముని పట్టుకుంటే, మడమ పైకి లేస్తే, పగ్గాలతో వేలాడితే మళ్లీ రేపు రమ్మంటారు. ఈ పరీక్షలో మొహమాటాలు ఉండవు. డబ్బు కట్టాం కదా అన్న మాట చెల్లదు, చెల్లకూడదు కూడా.

జంటలు విడిపోయేది ఇక్కడే. ఒకరు పాసై ఇంకొకరు కాకపోతే దారులు నాలుగు. ఇద్దరూ నిదానం గుంపులో ఉండిపోవచ్చు, కానీ స్వారీ బాగా వచ్చినవాళ్లకి రెండో రోజుకే విసుగు పుడుతుంది, పైకి చెప్పకపోయినా. విడివిడిగా వెళ్లి మధ్యాహ్నం భోజనం దగ్గర కలవచ్చు. ఇద్దరికే ప్రైవేట్ స్వారీ తీసుకోవచ్చు, దానికి విడిగా చార్జ్ ఉంటుంది. నాలుగోది ఇంటి దగ్గరే ఇద్దరూ ఒకే స్థాయికి రావడం. అన్నిటిలోకీ చవక, మేలు అదే.

దానికి మనిషికి పది పన్నెండు పాఠాలు కావాలి, ఒక్కోటి 45 నిమిషాలు, ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టి. దగ్గర్లో మంచి బడి దొరక్కపోతే హైదరాబాద్‌లో వారాంతాల్లో నేర్చుకోవచ్చు. చేరే ముందు చూడాల్సినవి: హెల్మెట్ లేకుండా ఎక్కనిస్తున్నారా, మొదటి పాఠాలు పొడవాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పుతూ చెబుతున్నారా, గుర్రం వీపు మీద పుళ్లు ఉన్నాయా. తాడు మీద పాఠాల్లో పగ్గాలు చేతికి ఇవ్వరు. అదే కావాలి. చేతులు చాపి, రికాబుల్లోంచి పాదాలు తీసి, ట్రాట్‌లో కూర్చోగలిగినవాళ్లకి ర్యాంచ్‌లో ఏ పరీక్షా లెక్క కాదు. పెళ్లి ఊరేగింపు గుర్రాన్ని గంటకి ఇంత అని మాట్లాడుకుని నేర్చుకుందామనే ఆలోచన వద్దు. అది బ్యాండు మోతలో కదలకుండా నిలబడటం నేర్చింది, పక్కన పట్టుకుని నడిచే మనిషి లేకపోతే దానికి ఏం చెయ్యాలో తోచదు. పెళ్లికొడుకుగా ఒకసారి ఎక్కిన అనుభవం ఉంటే సంతోషం, ఫారంలో మాత్రం రాయకండి.

మన బడుల్లో ఎక్కువగా ఇంగ్లిష్ జీను మీద నేర్పుతారు. రెండు చేతులతో రెండు పగ్గాలు, గుర్రం నోటితో ఎప్పుడూ తేలికపాటి బిగువు. ర్యాంచ్‌లో వెస్టర్న్ జీను. పగ్గాలు ఒకే చేతిలో, వదులుగా. ఎడమకి తిరగాలంటే చేతిని ఎడమకి జరుపుతారు, కుడి పగ్గం మెడకి తగలగానే గుర్రం తిరుగుతుంది. ఇంగ్లిష్ అలవాటుతో బిగించి పట్టుకుంటే గుర్రం తల ఎగరేస్తుంది, లేదా వెనక్కి నడుస్తుంది. కారణం కళ్లెంలో ఉంది. వెస్టర్న్ కళ్లేల్లో చాలావాటికి నోటి పక్కన కిందికి దిగే పొడవాటి కడ్డీలు ఉంటాయి. పగ్గాలు వాటి చివర కట్టి ఉంటాయి కాబట్టి మనం కొంచెం లాగినా దవడ మీద అంతకు కొన్ని రెట్లు పడుతుంది. మొదటి రోజు ర్యాంగ్లర్లు "వదులు, వదులు" అని అరిచేది అందుకే.

జీను బరువు 15 నుంచి 20 కిలోలు. దాన్ని ముఖ్యంగా పట్టి ఉంచేది పొట్ట కింద బిగించే సించ్ పట్టీ. లాయం దగ్గర బిగించినప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బించి నిలబడతాయి. నాలుగడుగులు వేశాక గాలి వదిలేస్తాయి, కింద దుప్పటి కూడా అణుగుతుంది, పట్టీ వదులవుతుంది. బయల్దేరిన పది పదిహేను నిమిషాలకి ర్యాంగ్లర్ ఆపి అందరి పట్టీలూ చూడాలి. చూడకపోతే మీరే అడగండి. జీను పక్కకి జారితే మనిషి గుర్రం పక్కకి వేలాడతాడు, గుర్రం బెదిరిపోతుంది. నేల మీద నుంచి ఎగిరి ఎక్కాలన్న సరదా కూడా వద్దు. మెట్టు దిమ్మె ఉన్నప్పుడు దాని మీద నుంచే ఎక్కండి, జీను కదలదు, గుర్రం వెన్ను మీద ఒక పక్కకే లాగుడు పడదు.

రికాబు పొడవు సరిచూసుకోవడం అర నిమిషం పని, దాని మీదే మోకాళ్ల భవిష్యత్తు ఆధారపడుతుంది. రికాబుల మీద లేచి నిలబడితే జీనుకీ మీకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. పొట్టిగా ఉంటే గంటలో మోకాళ్లు పట్టేస్తాయి. పొడవుగా ఉంటే రికాబు అందక వేళ్లు కిందికి వంచుతారు, మడమ లేస్తుంది, బ్యాలెన్స్ పోతుంది. పాదం ముందు భాగం మాత్రమే రికాబులో ఉండాలి. పూర్తిగా లోపలికి దూరితే పడినప్పుడు పాదం ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. గుర్రం మీద జరిగే ఘోరాల్లో ఇదొకటి. బూటుకి అంగుళం మడమ ఉండాలనేది దీనికే, షోకుకి కాదు. బీసెంట్ రోడ్‌లో దొరికే స్పోర్ట్స్ షూస్ అడుగు చదునుగా, అంచులు వెడల్పుగా ఉంటాయి. అవి రికాబులో ఇరుక్కునే రకం. అడుగు నున్నగా, చీలమండ దాటి వచ్చే తోలు బూటు కొని, నెల ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి.

ఆడవాళ్లకి ఇంకొన్ని, వీటిని ఏ అమెరికా వెబ్‌సైట్లోనూ రాయరు. మెట్టెలు బూటులో ఒత్తుకుని రెండో రోజుకి బొబ్బలు లేపుతాయి. తీయడం ఇష్టం లేకపోతే వేలికి మెత్తటి బ్యాండేజీ టేపు చుట్టాలి. మంగళసూత్రం, నల్లపూసలు చొక్కా లోపలికి, వీలైతే పొట్టి గొలుసుకి మార్చి. జీను కొమ్ము కడుపుకి ఎదురుగా ఉంటుంది, ముందుకి వంగినప్పుడు వేలాడే గొలుసు దానికి తగులుకుంటుంది. చున్నీ అసలు వద్దు. ఎగిరే గుడ్డ వెనక గుర్రానికి కూడా బెదురు. జడ మెడ దగ్గర కిందికి అల్లాలి, ముడి మీద హెల్మెట్ కూర్చోదు. హెల్మెట్ చాలా ర్యాంచ్‌ల్లో ఊరికే ఇస్తారు, పెద్దవాళ్లకి కొన్ని చోట్ల తప్పనిసరి కాదు. అందరూ టోపీలు పెట్టుకున్నారని మీరూ టోపీ తీసుకోకండి. జీన్స్ లోపలి కుట్టు లావుగా ఉంటే తొడలు ఒరుసుకుపోతాయి, లోపల సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే సరిపోతుంది.

బరువు గురించి నిజం చెప్పండి. గుర్రం హాయిగా మోయగలిగేది జీనుతో కలిపి తన బరువులో అయిదో వంతు అని లెక్క. ర్యాంచ్‌ల్లో ఎక్కువగా ఉండే క్వార్టర్ హార్స్ జాతి గుర్రాలు 450, 500 కిలోలు తూగుతాయి. అంటే 90, 100 కిలోలు, అందులో జీనే 15 పైన. అందుకే 225 లేదా 250 పౌండ్ల పరిమితి పెట్టి, 102 లేదా 113 కిలోలు, ఆ దరిదాపుల్లో ఉన్నవాళ్లకి పెద్ద గుర్రాల్ని కేటాయిస్తారు. మొహమాటపడి ఫారంలో పది కిలోలు తగ్గించి రాస్తే చిన్న గుర్రం వస్తుంది, దాని వీపు పుండవుతుంది. అక్కడ కాటా పెట్టి తూచినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

దారిలో ఎదురయ్యేవి కొన్ని. ముందు గుర్రం తోకకి ఎర్ర రిబ్బన్ ఉంటే అది తన్నే రకం, ఇంకొంచెం దూరం ఉండండి. గుర్రం గట్టు ఎక్కేటప్పుడు ముందుకి వంగి జూలు పట్టుకోవచ్చు, గట్టు దిగేటప్పుడు నిటారుగా కూర్చుని మడమలు కిందికి. ఫోన్ చేత్తో పట్టుకుని ఫొటో తీయబోతే ర్యాంగ్లర్ ఒప్పుకోడు. జేబులో పెట్టుకుని ఆగినప్పుడు తీయాలి. ఇద్దరూ ఒకే గుర్రం మీద అన్నది సినిమాల్లోనే, ఏ ర్యాంచ్‌లోనూ కుదరదు. టూసాన్ ప్రత్యేకత చోయా అనే ముళ్ల కాక్టస్. తగిలితే ముద్ద ముద్దగా ఊడి అంటుకుంటుంది. చేత్తో పీకితే చేతికి అంటుకుంటుంది, దువ్వెన దాని కిందికి దూర్చి విసిరేయాలి. పది రూపాయల ప్లాస్టిక్ దువ్వెన జేబులో ఉంచుకోండి, ఆ వారానికి అంతకంటే విలువైన వస్తువు లేదు. ఈ ముళ్లన్నీ భరించేది సువారో నేషనల్ పార్క్ కోసం. 40 అడుగుల ఎత్తున చేతులు చాచిన కాక్టస్‌ల మధ్య నుంచి గుర్రం మీద వెళ్లడం కారు కిటికీలోంచి చూడటం లాంటిది కానే కాదు.

జంటకి నిజంగా కలిసొచ్చే గంట సూర్యాస్తమయ స్వారీ కాదు, టీమ్ పెన్నింగ్. కంచె లోపల ఉన్న దూడల గుంపులోంచి చెప్పిన నంబర్లు ఉన్నవాటిని విడదీసి, ఇంకో దొడ్లోకి తోలాలి, గడియారం తిరుగుతుంటుంది. ఒకరు దూడని కదిపితే ఇంకొకరు తప్పించుకునే దారి మూయాలి. పక్కపక్కన పని చేయాలి, అరుచుకోవాలి, నవ్వుకోవాలి. ర్యాంచ్‌లో చేసేది సులువు చేసిన రకం, ట్రాట్ మీద కూర్చోగలిగితే చాలు. బుక్ చేసే ముందు ఇది వారంలో ఏ రోజు ఉందో కనుక్కోండి.

మూడో రోజు ఒళ్లు నొప్పులు ముదురుతాయి, 48 గంటల తర్వాత కండరాలు పట్టేయడం సహజమే. రెండో రోజు మధ్యాహ్నం స్వారీ మానేసి నడవండి, వేడినీళ్ల టబ్ ఉంటే అందులో కూర్చోండి. ఇంటి దగ్గర నెలన్నర ముందు నుంచి గుంజీళ్లు, మోకాళ్లు పక్కకి తెరిచి కింద కూర్చోవడం, ప్లాంక్ చేస్తే సగం నొప్పి తగ్గుతుంది. ఎముకలు పలచబడినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వద్దు. గర్భిణులు అసలే వద్దు.

భోజనానికి 5కి 3. మాంసం తినేవాళ్లకి నాలుగు. శాకాహారులకి గుడ్లు తింటే నెట్టుకురావచ్చు, తినకపోతే రెండో రోజు నుంచి బంగాళాదుంపే దిక్కు. పింటో బీన్స్‌లో పంది కొవ్వు వేసే అలవాటు ఉంది కాబట్టి అడగండి. కందిపొడి, పచ్చడి పట్టుకెళ్లే ఆలోచన ఉంటే దిగగానే కస్టమ్స్ వాళ్లకి తినే వస్తువులు ఉన్నాయని చెప్పి తీరాలి. పచ్చి కరివేపాకు, పాలతో చేసినవి ఇంట్లోనే వదిలేయండి.

గుర్రం ఎక్కే ముందు ఒక కాగితం సంతకం పెట్టిస్తారు. ఆరిజోనా చట్టం ప్రకారం, సరైన గుర్రాన్ని ఇచ్చి సంతకం తీసుకుంటే చాలా ప్రమాదాలకి ర్యాంచ్ బాధ్యత ఉండదు. అంటే ఆసుపత్రి ఖర్చు మీదే. మన ప్రయాణ బీమాల్లో గుర్రపు స్వారీని సాహస క్రీడ కింద మినహాయించేవి ఉన్నాయి, పాలసీ కాగితంలో "హార్స్ రైడింగ్" అన్న మాట వెతికి చూడండి, మినహాయింపు ఉంటే అదనపు కవరేజీ తీసుకోండి.

బుకింగ్‌కి ముందు ఈమెయిల్‌లో నాలుగు అడగండి. మేం వచ్చే వారంలో గుర్రాల సెలవు ఏ రోజు? లోప్ పరీక్షకి ఎన్నిసార్లు రానిస్తారు? స్వారీ చేయని రోజు డబ్బు తిరిగిస్తారా? మా ఇద్దరి స్థాయిలు తేడా వస్తే వారంలో కనీసం ఒక స్వారీ అదనపు డబ్బు లేకుండా కలిపి ఇస్తారా? చివరిదానికి "వచ్చాక చూద్దాం" అని జవాబు వస్తే డిపాజిట్ కట్టకుండా ఇంకో ర్యాంచ్‌కి రాయండి.